నాలుగు మెట్ల అబ్బాయి

"నాలుగు మెట్లెక్కితే చాలా?"

ఓడ ఐదో అంతస్తులో టూర్ డెస్క్ వెనక నిలబడ్డ అబ్బాయి తలెత్తి చూశాడు. ఎదురుగా చెప్పులనిండా దుమ్ముతో, ఎండకి కమిలిన ముఖంతో ఒకమ్మాయి. చేతిలో ఆ ఉదయం అతనే పంచిన కరపత్రం.

"ఏమిటండీ?"

"మీరే రాశారు. 'రేవు నుంచి రెండు నిమిషాల నడక. నాలుగు మెట్లెక్కితే చాలు, దీపస్తంభం మీదే!' నేను లెక్కపెట్టాను. రెండువందల పన్నెండు మెట్లు. నడక ఇరవై రెండు నిమిషాలు. మా పెద్దమ్మకి మోకాలి ఆపరేషనై ఎనిమిది నెలలు. ఇదిగో అయిపోయాయి, ఇదిగో అయిపోయాయి అనుకుంటూ తొంభై ఎక్కింది. ఇప్పుడు మోకాలు బంతిలా వాచింది."

అబ్బాయి ముఖం మీది డ్యూటీ నవ్వు ఆరిపోయింది.

"సారీ అండీ. నాలుగు మెట్లంటే... ఏదో మాటవరసకి..."

"మాటవరసకి ఎక్కితే కాళ్ళు నొప్పెట్టవా?" ఆమె కరపత్రాన్ని డెస్క్ మీద పరిచింది. ఎర్రసిరాతో సున్నాలు, గీతలు. "ఇంకోటి. రెండో పేరాలో ఈ ఊరు ద్వీపం అన్నారు. మూడో పేరాలో ద్వీపకల్పం అన్నారు. ఏదో ఒకటి తేల్చండి, సముద్రం ఇబ్బంది పడుతోంది."

ఆమెది బడిపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. సెలవు మీదున్నా చేయి ఊరుకోదు.

"కంప్లయింట్ ఫారం ఉందా?"

ఉంది. అతనే తీసిచ్చాడు. పెన్ను కూడా ఇవ్వబోయాడు.

"నా పెన్ను నాకుంది."

రెండు పేజీలూ నిండేదాకా రాసింది. అతను అందుకుని చూసి, భయంభయంగా అన్నాడు.

"తేదీ నిన్నటిది వేశారండీ."

ప్రూఫ్‌రీడర్ ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. తేదీ కొట్టేసి సరిగ్గా వేసి, ఫారం అతని ముందుకి తోసి, గిరుక్కున తిరిగింది. తొయ్యాల్సిన అద్దాల తలుపుని లాగింది. రెండుసార్లు.

అమ్మానాన్నలు పోయిన దగ్గర్నుంచీ ఆమెకి అన్నీ పెద్దమ్మే. ఆస్పత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైంది. అన్నేళ్ళలో వరసగా మూడు రోజులకి మించి సెలవు పెట్టి ఎరుగదు. రిటైరైన మర్నాడే గోడమీద ప్రపంచపటం ముందు నిలబడి, "నీళ్ళ మీద పోదామే పిచ్చుకా. తొమ్మిది రోజులు. ఐదు రేవులు. నన్నెవరూ 'సిస్టర్' అని పిలవకూడదు" అంది. ఇంట్లో అమ్మాయి పేరు పిచ్చుక. తప్పుల్ని గింజల్లా ఏరుతుందని.

గంట గడిచేలోపు వాళ్ళ గది తలుపు చప్పుడైంది. డెస్క్ అబ్బాయి. ఒక చేత్తో చక్రాల కుర్చీ తోస్తున్నాడు, ఇంకో చేతిలో తువ్వాల్లో చుట్టిన ఐసుముక్కలు.

పెద్దమ్మ తువ్వాలు విప్పి పరీక్షగా చూసింది. "ఐసు నేరుగా పెట్టకూడదని తెలుసన్నమాట. కూర్చో బాబూ. ఇంతకీ ఆ దీపస్తంభం నువ్వెక్కావా?"

"లేదండీ."

"దగ్గర్నుంచైనా చూశావా?"

"డెక్ మీంచి పైభాగం కనబడుతుందండీ." అతను నేలచూపులు చూశాడు. "ఓడ రేవులో ఉన్నంతసేపూ డెస్క్ తెరిచే ఉండాలి. దిగనివాళ్ళు ఏదైనా అడుగుతారుగా. ఈ ఏడాదిలో నలభైసార్లు ఈ రేవుల్లో ఆగాం. నేను చూసింది తాళ్ళు కట్టే గట్టు ఒక్కటే."

"మరి అంత వర్ణన?" అంది పిచ్చుక.

"నా ముందతను రాసింది చూసి రాశానండీ. అతను వాళ్ళ ముందతను రాసింది చూసి..."

పెద్దమ్మకి నవ్వాగలేదు. మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. "ఒసేయ్, ఈ నాలుగు మెట్ల అబ్బాయితోనా నువ్వు పోట్లాడొచ్చింది? ఊళ్ళన్నీ వాకిట్లోకొస్తున్నా ఒక్కటీ చూడలేదుటే పాపం!"

పిచ్చుక నవ్వలేదు. కానీ ఐసు కరిగేదాకా అతన్ని వెళ్ళమనలేదు కూడా.

మర్నాడు రెండో రేవు. పెద్దమ్మ డెక్ మీద వాలుకుర్చీలో కూర్చుని హుకుం జారీ చేసింది. "నేను కదలను. నువ్వెళ్ళు. ఊరంతా చూసి, వచ్చి నాకూ చెప్పు, ఆ అబ్బాయికీ చెప్పు."

సాయంత్రం డెస్క్ మీద దిద్దిన కరపత్రం వచ్చి పడింది.

"గడియార స్తంభానికి పద్నాలుగు నిమిషాలు. దారిలో నీడ లేదు. కూర్చోడానికి బల్లలు రెండే, ఒకదానికి కాలు విరిగింది. పెద్దవాళ్ళు చేపల బజారు వెనక సందులోంచి వెళ్తే మెట్లుండవు."

అతను గబగబా రాసుకుంటున్నాడు. "చేపల వాసన ఎందాకా వస్తుందండీ?"

"పోస్టాఫీసు దాకా."

"గడియారం మోగుతుందా?"

"మోగుతుంది, ఏడు నిమిషాలు లేటుగా. ఊరంతా దానికి అలవాటుపడిపోయారు. బడి, కొట్టు, బస్సు అన్నీ ఏడు నిమిషాలు లేటే. ఎవరూ ఎవర్నీ తిట్టుకోరు."

అతను రాయడం ఆపి నవ్వాడు. డ్యూటీ నవ్వు కాదు. ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. పిచ్చుక చప్పున చూపు తిప్పుకుని గోడమీద మంటలార్పే సిలిండర్‌ని శ్రద్ధగా చదివింది.

మూడోది చిన్న ద్వీపం. అక్కడ ఆమెని వాన పట్టుకుంది. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే డెస్క్ దగ్గరికొచ్చింది.

"కాగితం తడిసిపోయింది. నోటితో చెప్తాను, వింటారా?"

అతను తువ్వాలందించి, మోచేతులు బల్లకానించి, కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళెందుకు మూశారు?"

"చూద్దామని."

పిచ్చుక తువ్వాలుతో జుట్టు ఒత్తుకుంది. తర్వాత చెప్పింది. గవ్వలు అతికించిన గోడలూ, పడవల మీద ఆరేసిన పిల్లల చొక్కాలూ, వాన మొదలవగానే ఊళ్ళో వాళ్ళందరూ బకెట్లు పట్టుకుని బయటికి పరిగెత్తడమూ. ఆ దీవిలో మంచినీళ్ళు వాననీళ్ళేనట. ఆమె ఆపిన చాలాసేపటికిగానీ అతను కళ్ళు తెరవలేదు. తెరిచాక చూపు ఆమె మీదే ఆగింది.

"జలుబు చేస్తుందండీ, వెళ్ళి బట్టలు మార్చుకోండి" అన్నాడు.

ఐదో రోజు పొద్దున నాలుగో రేవు. దిగబోతూ పిచ్చుక ఫోటోల కౌంటర్ పక్కనుంచి వెళుతోంది. లోపల్నించి ఎవరో అంటున్నారు.

"కంప్లయింట్ ఇచ్చినవాళ్ళని మంచి చేసుకోవాలి, అంతే. నాలుగు రోజుల్లో వాళ్ళు వెనక్కి తీసుకుంటున్నామని సంతకం పెడితే కొట్టేస్తారు. మన డెస్క్ వాడు ఐసు మోశాడు, కుర్చీ తోశాడు, కబుర్లు విన్నాడు. ఇక సంతకమే ఆలస్యం."

పిచ్చుక అక్కడే ఆగిపోయింది. ఆ ఊళ్ళో ఏం చూసిందో ఆమెకే తెలీదు.

సాయంత్రం అతను ఆత్రంగా అడిగాడు. "ఎలా ఉందండీ ఊరు?"

"కరపత్రంలో ఉన్నట్టే ఉంది."

"అంటే..."

"మీరు రాసింది మీరు చదువుకోండి."

గదిలో పెద్దమ్మ అంతా వింది. "ఇంతకీ సంతకం అడిగాడా?"

"అడుగుతాడు చూడు. రేపే ఆఖరు."

మర్నాడంతా ఓడ సముద్రం మీదే. పిచ్చుక పనిలేకపోయినా నాలుగుసార్లు డెస్క్ ముందునుంచి నడిచింది. ప్రతిసారీ అతను లేచి నిలబడ్డాడు, ఏదో అనబోయి మానేశాడు. సంతకం మాట మాత్రం ఎత్తలేదు. పొద్దు కుంకింది. అడగనందుకు ఆమెకి ఎందుకో ఇంకా కోపం వచ్చింది.

ఏడో రోజు పొద్దున డెస్క్ వెనక వేరే మనిషి ఉన్నాడు.

"ఆయనా? డెస్క్ నుంచి తీసేశారండీ. ఏదో కంప్లయింటట."

మేనేజరు యాభై ఏళ్ళావిడ. కళ్ళజోళ్ళు రెండు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తిన. పిచ్చుక చెప్పింది విని ఫైలు తెరిచి, ఎర్రసిరా ఫారం తీసింది. అడుగున నీలంసిరాతో రెండు వాక్యాలు. 'ఇందులో రాసిందంతా నిజం. ఆ పెద్దావిడకి కలిగిన బాధకి బాధ్యత నాదే.' కింద అతని సంతకం. ఫారం ఇచ్చిన రోజు తేదీ.

"వెళ్ళి అడగవయ్యా, సంతకం పెడతారు అని నేనే చెప్పాను" అంది మేనేజరు. "'ఆవిడ రాసింది నిజమే కదా మేడమ్, వెనక్కి తీసుకోమని ఏ ముఖం పెట్టుకుని అడగను' అన్నాడు. గడువు నిన్నటితో అయిపోయింది."

"ఇప్పుడు పెడతాను."

"ఇప్పుడు చెల్లదమ్మా."

పిచ్చుక సంచిలోంచి మూడు రేవుల కాగితాలు తీసి బల్లమీద పెట్టింది. దిద్దినవీ, తడిసినదానికి బదులు మళ్ళీ రాసినదీ. మేనేజరు కళ్ళజోడు మార్చి చదివింది. గడియారం దగ్గర ఆమె పెదవులు కదిలాయి. బకెట్ల దగ్గర ఆగి రెండోసారి చదివింది.

"ఇవి నా దగ్గరుంచండి. ఎవరో ఒకరు దిగి చూసొచ్చాకే కరపత్రం వేయాలని పై ఆఫీసుకి రాస్తాను. ఆ ఎవరో ఎవరంటే అతని పేరే రాస్తాను. ఒప్పుకుంటారో లేదో నా చేతిలో లేదు." కాగితాలు సర్దుతూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "రేపటి దీవిలో అతనికి డ్యూటీ లేదు. ఎటెళ్ళినా నేను అడగను."

అతను పై డెక్ మీద వాలుకుర్చీలు మడతపెట్టి దొంతరలు పేరుస్తున్నాడు.

"ఎందుకడగలేదు?" అంది పిచ్చుక, ఆయాసపడుతూ.

"ఏమిటండీ?"

"సంతకం!"

అతను కుర్చీ కింద పెట్టాడు. "అడిగుంటే మీరేమనుకునేవారు?"

"ఐసు తెచ్చింది దానికే అనుకునేదాన్ని."

"అనుకున్నారా?"

ఆమె తల దించుకుంది. "రెండు రోజులు."

"ఓహో. అందుకా 'కరపత్రంలో ఉన్నట్టే ఉంది'! నేను చెప్పిన మాటల్లో ఏది తప్పైందా అని రెండు రోజులుగా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాను."

"సారీ. నీ ఉద్యోగం..." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేపు మాతో వస్తావా?"

అంతవరకూ మీరు, ఇప్పుడు నువ్వు. ఇద్దరికీ ఒకేసారి వినబడింది. ఎవరూ దిద్దలేదు.

ఆ ఆఖరి దీవిలో ఓడ ఒడ్డుదాకా రాలేదు. చిన్న పడవలో ముగ్గురూ వెళ్ళారు. అతను రాతిగట్టు మీద కాలు పెట్టి, రెండోదీ పెట్టి, కదలకుండా నిలబడిపోయాడు.

"ఏం బాబూ, బయల్దేరదామా?" అంది పెద్దమ్మ.

"ఒక్క నిమిషం అండీ. కింద ఊగట్లేదు."

పెద్దమ్మ అతని భుజం మీద చెయ్యేసి తనూ నిలబడింది.

ప్రతి మలుపు దగ్గరా చిన్నపిల్లాడిలా ఆగాడు. "ఇది రాయలేదు నేను! ఈ నిమ్మచెట్లు రాయలేదు! ఆ ముసలాయన కిటికీలోంచి పాఠం చెప్తున్నాడు చూడు!" పడవలు చేసే షెడ్డులో వడ్రంగి భార్య కుంటుతూ ఎదురొచ్చింది. అంతే, పెద్దమ్మ చెంగు బిగించి ఆవిడ మోకాలు పట్టుకుని కూర్చుంది. "మీరిద్దరూ అలా కొండెక్కి రండి. ఇక్కడ నాకు పేషెంటుంది."

సగం కొండెక్కారో లేదో వాన దిగింది. రాళ్ళ మీద బోర్లించిన ఒక పాత పడవ కిందికి దూరారు. తల ఎత్తితే పలక తగులుతుంది, భుజం కదిలిస్తే పక్కవాళ్ళ భుజం తగులుతుంది. ఎవరూ జరగలేదు.

"నాకు పనుంటుందో లేదో తెలీదు" అన్నాడు అతను. "అయినా ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ ఎప్పుడో. ఏడాదిగా అందరికీ ఊళ్ళ గురించి చెప్తూనే ఉన్నాను. నాకు ఒక్కళ్ళూ వచ్చి చెప్పలేదు, నువ్వు తప్ప. రేపు ఓడ దిగాక నువ్వెక్కడికెళ్ళినా, సాయంత్రం ఎవరికో ఒకరికి ఆ కబుర్లు చెప్తావు కదా. ఆ ఒకరు నేనైతే బాగుంటుందని..."

"నేనెక్కడికీ వెళ్ళను. ప్రెస్సు, ఇల్లు. ఒత్తులు, పొల్లులు. ఆ కబుర్లు చప్పగా ఉంటాయి."

"ఉండనీ."

"రోజూ ఉంటాయి."

"అదే కదా నేనడుగుతున్నది."

వాన హోరులో ఆమె ఏమందో వినబడలేదు. కానీ చెయ్యి వచ్చి అతని చేతిలో చేరింది.

ఇద్దరూ ముద్దగా తడిసి షెడ్డుకి తిరిగొచ్చేసరికి పెద్దమ్మ పేషెంటు మోకాలికి కట్టు కడుతోంది. వీళ్ళ ముఖాలు చూసింది, చేతులు చూసింది. కట్టు ముడి వేయడం పూర్తిచేసి అడిగింది.

"మీ ఇంట్లో ఎవరున్నారు బాబూ?"

"అమ్మ, అక్కా బావలు."

"ఉద్యోగం దొరక్కపోతే?"

"వెతుక్కుంటానండీ."

మేనేజరు ఉత్తరానికి జవాబు మూడు వారాల తర్వాత వచ్చింది. నెలకి పదిహేను రోజులు ఊళ్ళు తిరిగి చూసి రాసే పని అతనికే ఇచ్చారు. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు. తెలియకుండానే పెద్దమ్మ చెయ్యి చాచింది.

"అమ్మకి ఫోన్ కలుపు."

"ఇప్పుడా?" అన్నారు ఇద్దరూ.

"ఆస్పత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు చేశాను. రేపు చెబుదాంలే అనుకున్న మాటలు ఎందరి నోట మిగిలిపోయాయో నాకు తెలుసు. కలుపు."

అతను కలిపిచ్చాడు. పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "వదినగారూ, నమస్కారం. నేను మీ అబ్బాయి ఓడలో ప్రయాణికురాలిని. అయ్యో, కంగారుపడకండి, అబ్బాయికేం కాలేదు."

ఆగి, వానలో తడిసి పక్కపక్కన నిలబడ్డ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"అంటే, అయింది. కూర్చోండి, చెప్తాను."