భిన్నాలు రాని అక్క

స్టూడియోలో ఎర్రదీపం వెలిగింది. విశాలాక్షి బోర్డు మీద గీసిన అట్టుని సుద్దముక్కతో తట్టి, కెమెరా వైపు నవ్వుతూ "అర్థమైందా పిల్లలూ?" అంది.

పన్నెండేళ్ళుగా ఆవిడ అడుగుతున్న ప్రశ్నే అది. పగటిపూట బడి టీవీలో లెక్కల పాఠం ఆవిడదే. అడగడం, కాసేపు ఆగడం, "శభాష్" అనేసి ముందుకు పోవడం. అవతల పిల్లలు ఏమన్నారో దేవుడికెరుక. టీవీకి నోరే తప్ప చెవులెక్కడివి?

ఇవాళ చెవులొచ్చాయి. డాక్టర్ మస్తాన్ అనే శాస్త్రవేత్త రాష్ట్రంలోని ప్రతి బడి టీవీ మీదా అగ్గిపెట్టంత యంత్రం ఒకటి పెట్టించాడు. పేరు శ్రవణి. అన్ని తరగతుల గొంతులనూ కంప్యూటర్‌తో కలిపి, ఒక్క తరగతి మాట్లాడుతున్నట్టు స్టూడియోలో వినిపిస్తుంది. ఎవరైనా చెయ్యెత్తితే ఆ ఒక్క గొంతునే విడిగా పంపిస్తుంది. ఇక రెండో పని గమ్మత్తైనది. విషయం బుర్రకెక్కిన క్షణంలో పిల్లల కంటిపాప రవ్వంత విప్పారుతుందట. శ్రవణి కెమెరా దాన్ని పట్టేసి స్టూడియో గోడమీది మీటర్లో చూపిస్తుంది. అర్థమైతే పచ్చ, కాకపోతే ఎరుపు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అన్నమాట.

ఆ మీటరు పచ్చబడకపోతే లెక్కల పాఠం ఎత్తేసి ఆ టైములో కార్టూన్లు వేస్తారని స్టేషన్ డైరెక్టర్ సన్యాసిరావు పొద్దున్నే చెప్పాడు. పాపం ఆయనకూ ఇష్టంలేదు. కానీ హెడ్డాఫీసు మాట. పాఠం పోతే తాను ఇంకేం చెయ్యగలదో విశాలాక్షికి తోచలేదు. ఆవిడకి పిల్లలన్నా లెక్కలన్నా ప్రాణం.

అవతలినుంచి జవాబొచ్చింది. "అయ్యిం... దండీ..." లక్షల గొంతులు, ఒకే సాగదీత. విశాలాక్షికి ఒళ్ళు పులకరించింది. మీటరు వైపు చూసింది. ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎరుపే.

యంత్రం పాడైందన్నాడు సన్యాసిరావు. ఇంతమంది పిల్లలు ఒక్క గొంతుతో అయ్యిందంటూంటే మీటరు ఎరుపేమిటన్నాడు. మస్తాన్ అద్దం గదిలోంచి మైకులో నెమ్మదిగా అన్నాడు.

"యంత్రం బాగానే ఉందండీ. నేనూ తెలుగు బడిలోనే చదివాను. అయ్యిందండీ అంటే అర్థమైందని కాదు. గంట కొట్టెయ్యమని."

విశాలాక్షి మళ్ళీ చెప్పింది. ఒక అట్టుని ముగ్గురికి పంచితే మూడో వంతు, నలుగురికి పంచితే నాలుగో వంతు. ఏది పెద్దది? మళ్ళీ అదే పాట, మళ్ళీ అదే ఎరుపు. అర్థంకానివాళ్ళు చెయ్యెత్తండంటే రాష్ట్రమంతా నిశ్శబ్దం. పన్నెండేళ్ళూ తాను గంగిరెద్దులతో తల ఊపించిందా? ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. మైకు ఉన్న సంగతే మర్చిపోయి "నాకేం అర్థం కావట్లేదర్రా" అనేసింది.

అంతే. ఎక్కడో ఓ చెయ్యి లేచింది. గజపతినగరం దగ్గర బళ్ళో పైడితల్లి అనే పిల్ల.

"అక్కా, నువ్వు బెంగెట్టుకోకు. మా మావయ్య పిల్లలొచ్చినప్పుడు నా అట్టుముక్క చిన్నదైపోద్ది. ఎక్కువమంది తింటే తక్కువే కదేటి వస్తాది?"

విశాలాక్షి సుద్దముక్క పక్కన పెట్టేసింది. తర్వాత చాలా అమాయకంగా, "మరి మూడు కన్నా నాలుగు పెద్దది కదమ్మా?" అని అడిగింది.

ఇక చూడాలి ఆ సందడి. కాదక్కా అని ఒకరు, పుల్లలతో చూపిస్తానని ఒకరు, జామకాయ కోస్తానని మరొకరు. తెలియనివాడు పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని మరీ అక్కకి చెప్పాడు. మీటరు ఓ మూల పచ్చబడి, పొలంలో నారు పాకినట్టు అంతటా పాకింది. మస్తాన్ అద్దం వెనక గంతులేశాడు.

పాఠం నిలిచింది. కానీ ఒక షరతు. ఇకపై విశాలాక్షికి లెక్కలు రాకూడదని హెడ్డాఫీసు ఉత్తర్వు. యూనివర్సిటీలో గోల్డ్ మెడల్ కొట్టిన మనిషి ఏడాదిపాటు రోజూ తప్పులు చేసింది. రాష్ట్రమంతటా పిల్లలు జ్వరమొచ్చినా బడి మానలేదు. మానితే అక్కకి ఎవరు చెప్తారు? చుట్టాలింట పెళ్ళికి వెళ్తే, పంక్తిలో పక్కన కూర్చున్న ఏడేళ్ళ బుడుగు తన బూరె రెండుగా తుంచి, అందరిముందూ ఆవిడకి సగం అంటే ఏమిటో ఓపిగ్గా నేర్పాడు. పెద్దలు పక్కకి తిరిగి నవ్వారు. ఎమ్మెస్సీ చదివించింది ఇందుకటే అని తల్లి ఇంటికొచ్చాక సాధించింది. ఆ మాట విశాలాక్షికి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పాఠంలో నిజం చెప్పేస్తానంది. మీటరు ఎరుపెక్కితే మళ్ళీ కార్టూన్లేనని సన్యాసిరావు బతిమాలాడు. ఆవిడ వినలేదు. బోర్డు నిండా ఇంత పొడుగు భిన్నాల లెక్క వేసి, ఊపిరి తిప్పుకోకుండా చేసి చూపించింది.

"నాకు లెక్కలు వచ్చర్రా. మొదట్నుంచీ వచ్చు. మీతో అబద్ధమాడాను," అంది.

మీటరు మీద పచ్చదనం కొంచెం కొంచెంగా తగ్గుతోంది. మస్తాన్ తల పట్టుకున్నాడు. అప్పుడు పైడితల్లి గొంతు ఖంగుమంది.

"ఒరే, అక్కకి వచ్చీసేయిరోయ్! మనవే నేర్పేం!"

లక్షల గొంతులు కేరింతలు కొట్టాయి. విశాలాక్షి చేతులూపింది. కాదమ్మా, నిజంగానే నాకు ముందే వచ్చని మొత్తుకుంది.

"పర్లేదక్కా. మా తమ్ముడూ అంతే. నేర్పినాక, నాకు ముందే వచ్చంటాడు," అని సముదాయించింది పైడితల్లి.

మీటరు ఇంతకుముందెన్నడూ లేనంత పచ్చగా వెలిగింది. ఆ మధ్యాహ్నం బడులన్నిటా ఒకటే తగువు, అక్కకి భిన్నాలు నేర్పింది మేమంటే మేమని. పట్టా అందుకున్ననాడు కూడా విశాలాక్షి ఇంత పొంగిపోలేదు. కళ్ళు తుడుచుకుంటూ స్టూడియో బయటికొస్తే సన్యాసిరావు భయంభయంగా ఎదురొచ్చాడు.

"సోమవారం నుంచి దశాంశాలమ్మా. మరి అవి..."

"ఒక్క ముక్క రాదండి," అంది విశాలాక్షి సంతోషంగా.