చార్టులో లేని మనిషి

ఉదయం ఏడున్నరకి చార్టు మాస్టారు నడక ముగించుకుని వచ్చారు. చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టి, గోడకి అంటించిన కాగితం వైపు చూశారు. ఏడూ ముప్పై, కూరగాయల జ్యూస్. బల్లమీద గ్లాసు లేదు.

"ఏమోయ్, జ్యూస్?"

వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. కాసేపటికి భార్య ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చెయ్యి గోడకి ఆనించుకుంటూ వచ్చింది.

"ముప్పై రెండయింది," అన్నారాయన. కోపంగా కాదు. ఆలస్యంగా వచ్చిన బస్సు నంబరు పుస్తకంలో రాసుకునే గొంతుతో.

"క్యారెట్లు గట్టిగా ఉన్నాయండీ," అందావిడ.

బస్సు డిపోలో డ్రైవర్లకి డ్యూటీలు వేసే ఉద్యోగం ఆయనది. ముప్పై ఒక్క ఏళ్లు చేశారు. చార్టు మాస్టారన్న పేరు అక్కడే వచ్చింది. ఆయనతోపాటు రిటైరయిన స్నేహితుడొకడు ఏ పనీ లేక టీవీ ముందు కూర్చుని, ఆర్నెల్లు తిరక్కుండా పక్షవాతంతో మంచాన పడ్డాడు. అతన్ని చూసొచ్చిన మర్నాడే మాస్టారు స్కేలూ పెన్సిలూ తీసుకుని చార్టు గీశారు. అయిదున్నరకి నడక. ఎనిమిదిన్నరకి నూనె లేని టిఫిన్. తొమ్మిదింటికి ఫ్లూటు సాధన. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం లైబ్రరీ, తొమ్మిదిన్నరకి పడక. మూడేళ్లలో ఆరు కిలోలు తగ్గారు. ముసలితనాన్ని ఎలా గడపాలో ఆయన్ని చూసి నేర్చుకోవాలని వీధిలో వాళ్లు చెప్పుకునేవారు.

ఆ రోజు ఆర్నెల్లకోసారి చేయించుకునే పరీక్షల రిపోర్టులు డాక్టరుకి చూపించే రోజు. రెండు వీధుల అవతల ఉండే కూతురు తన పాపని బడికి పంపి, ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చింది. తల్లి చెప్పుల్లో కాలు పెట్టబోయి తూలడం చూసింది.

"అమ్మా, నువ్వూ చూపించుకో ఇవాళ."

"నాకేమయిందే? పద, నాన్నగారికి ఆలస్యమవుతుంది."

డాక్టరమ్మ మాస్టారి రిపోర్టులు రెండుసార్లు తిరగేసింది. "యాభై ఏళ్లవాళ్లకి కూడా ఇంత బాగా రావండీ. ఏం చేస్తున్నారు?"

మాస్టారు జేబులోంచి చార్టు నకలు తీసి ఇచ్చారు. ఆవిడ అంతా చదివి, పక్క కుర్చీలో కళ్లు మూతలు పడుతున్న భార్య వైపు తిరిగింది.

"మరి మీరమ్మా?"

"నాదేముందండీ, ఇంట్లోనేగా."

డాక్టరమ్మ ఆవిడ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. గాలి వదిలేసి మళ్లీ చూసింది.

"ఎన్ని గంటలకి పడుకుంటారు?"

"తొమ్మిదిన్నరకల్లా పడుకుంటారండీ ఆయన."

"మిమ్మల్నమ్మా నేనడిగింది."

ఆవిడ తడబడింది. "పదకొండవుతుంది. నాలుగున్నరకి లేస్తాను."

"మధ్యాహ్నం?"

"ఆయన పడుకుంటారు కదండీ. చప్పుడు కాని పనులు చేసుకుంటాను. బట్టలు మడతెయ్యడం, అలాంటివి."

"తల తిరగడం ఎన్నాళ్లుగా?"

"రెండు నెలలు."

మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. "నాతో అనలేదే?"

డాక్టరమ్మ మందులు రాస్తూ, "బీపీ బాగా ఎక్కువగా ఉంది. మాత్రలు ఒక్కటే సరిపోవు. ఈవిడకి విశ్రాంతి కావాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి," అని కాగితం మాస్టారి చేతికే ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఆవిడ కొంగు దోపుకుని వంటింటి వైపు నడవబోయింది. మాస్టారు ఊరుకోలేకపోయారు.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, నువ్వూ ఒక చార్టు వేసుకోమని. టైము వాడుకోవడం తెలియకపోతే ఇలాగే అవుతుంది."

"నాన్నా, ఇంక ఆపు," అంది కూతురు.

"నువ్వుండవే. నేను చెప్తాను," అని ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి, తలుపు పట్టుకుని నిలబడింది. గొంతు పెంచలేదు. "మీ టైమంతా నా టైములోంచి కోసిందేనండీ. మీరు అయిదున్నరకి నడవాలంటే నేను నాలుగున్నరకి లేచి వేడినీళ్లు పెట్టాలి. నానిన బాదం పప్పులు వొలవాలి. మీరు ఫ్లూటు ఊదుకునేటప్పుడు గిన్నె చప్పుడు కాకూడదు. మీరు లైబ్రరీకి వెళ్లాక పాపని చదివించాలి. మీరు రిటైరయిన రోజు, నాకూ కాస్త పని తగ్గుతుందనుకున్నాను. పెరిగింది."

పాప మాట రాగానే కూతురు తల దించుకుంది. రోజూ మూడున్నరకి బడి నుంచి పాపని ఇక్కడికే పంపించేది తనే.

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదు," అందావిడ. "మీరు బాగుండాలనే చేశాను. కానీ అలిసిపోయానండీ. బాగా అలిసిపోయాను."

మాస్టారు బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు తీసి, "నాలుగున్నర తర్వాత ఏమిటి?" అని అడిగారు. ఆవిడ విసుగ్గా చూసింది గానీ చెప్పింది. ఆయన రాస్తూ పోయారు. చెప్పడం అయ్యేసరికి కాగితం అడుగుదాకా నిండింది. గంటలు కూడారు. నమ్మకం కలగక మళ్లీ కూడారు.

"పద్దెనిమిదిన్నర," అన్నారు. "డ్రైవర్‌కి ఇలాంటి డ్యూటీ వేసుంటే నా ఉద్యోగం పోయేది."

"ఒకసారి మీ పైఆఫీసరు రాత్రంతా బండి నడిపిన మనిషిని పొద్దున్నే మళ్లీ ఎక్కించమంటే, సంతకం పెట్టనని మీరు ఎదురు తిరిగారు," అందావిడ. "ఆ సంగతి మీరు చెప్పినప్పుడు మీ గురించి ఎంత గొప్పగా అనుకున్నానో."

అది దెప్పిపొడుపు కాదు. నిజంగానే అంది. అందుకే మాస్టారు తట్టుకోలేకపోయారు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. కూతురు తల్లిని పొదివి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్లింది. "రేపట్నుంచి పాపని నేనే చూసుకుంటానమ్మా. ఆఫీసులో మాట్లాడతాను," అంది.

ఆ మధ్యాహ్నం మాస్టారు పడుకోలేదు. గిన్నెలు తోమారు. ఒక కప్పు పిడి విరగ్గొట్టారు. పాప వస్తే హోంవర్కు దగ్గర కూర్చోబెట్టి, అమ్మమ్మని లేపొద్దని గుసగుసగా చెప్పారు.

అయిదు దాటాక ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, ఇంతసేపా?"

"కూర్చో. టీ పెట్టాను."

టీ నీళ్లలా ఉంది. అయినా ఆవిడ అంతా తాగింది. మాస్టారు కొత్త కాగితం ఒకటి ఆవిడ ముందు పరిచారు. మధ్యలో నిలువుగా గీత. ఒక వైపు ఆయన పనులు, వాటిలో ఉదయం వంట, ఇల్లు ఊడవడం. రెండో వైపు నిద్ర ఎనిమిది గంటలని మాత్రం రాసి ఉంది.

"ఉదయం ఒక గంట, సాయంత్రం రెండు గంటలు నీకు ఖాళీ చేశాను. నీకేం చెయ్యాలనుందో చెప్పు, రాస్తాను."

ఆవిడ ఖాళీగా ఉన్న గడుల మీద వేలు జరుపుకుంటూ ఆలోచించింది.

"ఏమీ తోచట్లేదండీ," అంది చివరికి. "ఏవో ఉండేవి. పెళ్లయిన కొత్తలో కూడా ఉండేవి. ఏమిటో గుర్తు రావట్లేదు." అంటుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి.

ఇంకో రోజైతే మాస్టారు వెంటనే నాలుగు సలహాలు చెప్పేవారు. ఆ సాయంత్రం పెన్సిలు పక్కన పెట్టి, లేచి వెళ్లి మంచం మీద ఆవిడ పక్కన కూర్చున్నారు.

"తొందరేం లేదు," అన్నారు.

ఆవిడ ఆయన భుజానికి తల ఆనించింది. కళ్లు తుడుచుకోలేదు. పొయ్యి మీద ఏముందో, పాప ఏం చేస్తోందో అడగలేదు. చీకటి పడేదాకా ఏ పనీ లేకుండా అలాగే కూర్చుంది.