లిథియం ముల్లు

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికే కెమిస్ట్ ప్రాణం పోయింది. మెడ మీద చిన్న సూదిగాటు. విషం.

"మన బ్యాటరీని కాపాడిన మనిషయ్యా ఈయన," అన్నాడు చీఫ్ శవం మీద గుడ్డ కప్పుతూ. "లిథియం లోహానికీ, పక్కనుండే ఘన ఎలక్ట్రోలైట్‌కీ ఉప్పూ నిప్పూ. తగిలినచోటల్లా పాడవుతుంది. చార్జింగ్ పెడితే అక్కణ్ణుంచి లిథియం ముల్లులా పొడుచుకొస్తుంది. అవతలి వైపు తాకిందా, షార్ట్ సర్క్యూట్! రెంటికీ మధ్య వెంట్రుక కన్నా పలచని పొర వేసి ఆపాడు. ఇవాళే ఫ్యాక్టరీలో ఆ బ్యాటరీతో నడిచే బస్సు డెమో. అది జనం కళ్ళముందు తగలబడాలని విదేశీ ముఠా పన్నాగం."

"అక్కడికి మన ఏజెంట్ నెమలి వచ్చిందా?" అడిగాడు ఏజెంట్ డేగ.

"వచ్చింది. తినేది మన జీతం, పాడేది వాళ్ళ పాట. నమ్మకు."

"ఒకసారి నమ్మి భుజంలో తూటా తిన్నాను సార్."

డేగ ఎలక్ట్రీషియన్ యూనిఫారంలో, పెట్టుడు మీసంతో ఫ్యాక్టరీ ఆవరణలో అడుగుపెట్టేసరికి అతిథులు బస్సులో కూర్చుని ఉన్నారు. ఫాస్ట్ చార్జింగ్ మొదలైపోయింది. చార్జర్ పక్కన నల్ల సిల్కు గౌనులో నెమలి, అందరి చూపులూ తనమీదే నిలుపుకుని.

"వైరు ఎలుక కొరికిందా మేడమ్?" కోడ్ వాక్యం వదిలాడు.

ఆమె జవాబు కోడ్ చెప్పలేదు. అతని పక్కటెముకల్లో చల్లగా ఏదో గుచ్చుకుంది.

"ఇది లిప్‌స్టిక్ కాదు, పిస్టల్. నోర్మూసుకుని నిలబడు. మీసం ఊడొస్తోంది."

"కెమిస్ట్‌కి విషం సూది గుచ్చింది కూడా నువ్వేనా?"

"ఏ కెమిస్ట్?"

"పొర కనిపెట్టినాయన. ఇందాక, లిఫ్ట్‌లో."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మా బావ... ఆయన మీద చెయ్యి పడదని నాకు ఒట్టేశారు!"

"సెల్స్ మార్చావా?"

"పొర లేనివి పెట్టాను. స్టాప్ బటన్ వైరు కూడా నేనే కోశాను. మెయిన్ స్విచ్ ఆ గదిలో ఉంది. కాపలా వాళ్ళ మనిషే." ఆమె పళ్ళు కొరికింది. "నీ మీద జాలి పుట్టిందనుకోకు. నిన్ను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది."

డేగ చేతిగడియారం నొక్కాడు. దాని అద్దం మీద బ్యాటరీ వోల్టేజ్ కనబడింది. చార్జింగ్‌లో ఎక్కుతూ పోవాల్సిన అంకె వణికి, కిందకి జారుతోంది. ముల్లు అవతలి గట్టు చేరుతోంది!

పరుగెత్తాడు. కాపలావాడు పిస్టల్ తీశాడు. వెనకనుంచి లిప్‌స్టిక్ పేలింది. వాడు మోకాలు పట్టుకుని కూలాడు. డేగ వాణ్ణి దాటి దూకి, రెండు చేతులా మెయిన్ స్విచ్ కిందకి గుంజాడు.

చార్జర్ మూగబోయింది. బస్సు అడుగునుంచి సన్నటి పొగ లేచి ఆగింది. అతిథుల్ని గబగబా దించేశారు.

నెమలి తనే చేతులు చాపింది. డేగ బేడీలు వేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

బస్సు దిగిన ఒక పెద్ద అధికారి సూటు దులుపుకుంటూ ఎగిరిపడ్డాడు. "ఏమయ్యా ఎలక్ట్రీషియన్, ఎవర్నడిగి ఆపావు? ఇంకాస్త చార్జింగ్ ఎక్కనిస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఎక్కనిస్తే," అన్నాడు డేగ మీసం పీకి జేబులో వేసుకుంటూ, "తమరే పైకి పోయేవారు సార్."