బొక్కెన మీద రెండక్షరాలు

ఆరోజు ఇంట్లో నాయన సీమోను, అమ్మ మగ్దలీనమ్మ, ఇరవై నిండిన అక్క ఇందిరమ్మ, నేను, బడిపంతులు ఏసుదాసు మామ, అక్కను అడగడానికి వచ్చిన నిత్యానందం బావ ఉన్నాం. పొయ్యి మీద కోడికూర కూడా ఉంది. అందరిలోకీ బుద్ధిగా ఉన్నది అదే.

మా ఇళ్లలో పెద్దవాడు ప్రార్థన చేస్తేనే పెళ్లిమాట ఖాయం. అప్పటిదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. ఆ పెద్దవాడు మా మామ కావడమే చిక్కు.

బావ పటాలం నుంచి సెలవు మీద వచ్చాడు. ప్రపంచ యుద్ధం రోజులు కదా, అస్సాంలో అమెరికా సోల్జర్ల దగ్గర పని. అక్కకు కానుక తెచ్చాడు. చీర కాదు, పూసలు కాదు, బొక్కెన! దాని మీద జీ, ఐ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు.

"గవర్నమెంట్ ఇష్యూ. సర్కారు ఇచ్చిందని అర్థం. ఆ సోల్జర్లను కూడా జీఐలనే అంటారు," అన్నాడు బావ ఛాతీ విరుచుకుని.

"కాదబ్బాయ్. గాల్వనైజ్డ్ ఐరన్. జింకు పూసిన ఇనుము," అన్నాడు మామ.

"మనుషులకు కూడా జింకు పూసినారా అయ్యవారూ?"

"నాకే ఇంగ్లీషు చెప్తావా? తప్పు ఒప్పుకో. లేకుంటే ప్రార్థన లేదు."

"జనరల్ ఇన్‌ఫాంట్రీ ఏమో..." అన్నాడు నాయన. ఇద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు. వాళ్లు ఏకమైంది అక్కడొక్కచోటే.

ఇంతలో వాన. కప్పు కారుతుంటే అమ్మ ఆ బొక్కెననే కింద పెట్టింది. అది ఎవరి పక్షమూ పట్టకుండా నీళ్లు పట్టింది.

ప్రార్థన చెయ్యకుండానే వెళ్లిపోదామని మామ గొడుగు తీసుకున్నాడు. రేపే బావ తిరుగు ప్రయాణం. యుద్ధం ఇంకా అయిపోలేదు. మగవాళ్లకు మాత్రం రెండక్షరాలే ముఖ్యం.

వంటింటి గడపలోకి అక్క వచ్చింది.

"బావా, గెలుస్తావా, లేక పెళ్లి చేసుకుంటావా?"

బావ బొక్కెన వైపు చూశాడు. అక్క వైపు చూశాడు.

"ఇనుమే, అయ్యవారూ," అన్నాడు.

మామ గొడుగు పక్కన పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. ప్రార్థనలోకి ఇనుము కూడా వచ్చింది. కూర చల్లారిపోయింది.

తిన్నాక బావ మంచినీళ్ల సాకుతో వంటింట్లోకి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

"ఇందిరా, ఒట్టు, అది గవర్నమెంట్ ఇష్యూనే," అని గొణిగాడు.

"ఏదైతే నాకేంది? నా కోసం ఓడిపోతావా లేదా అని చూసినా," అని నవ్వింది అక్క.

యుద్ధం చూసి వచ్చిన మనిషి, గరిటె పట్టుకున్న అక్క ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అంత తెలివితక్కువ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఇంకాస్త చూద్దామని ముందుకు వంగాను.

"నీకేం పనే ఇక్కడ?" అంటూ అక్క నా ముఖం మీదే తలుపు వేసేసింది.