పెద్ద లేతూ, తెగిన తెడ్డూ

"ఆ రాక్షసి నా షెడ్డులో అడుగుపెట్టిందంటే నేనీ ఇంట్లో పడుకోను! చెప్తున్నా గ్లెన్, వెళ్లి పెరట్లో చక్రాల మీదున్న కారవాన్‌లో పడుకుంటా!"

నలభై ఏళ్ల కాపురంలో క్లైవ్ ఇలా గొంతెత్తడం ఇదే మొదటిసారి! గ్లెనిస్ టీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"పడుకో! దుప్పటి కూడా ఇస్తా, పట్టుకెళ్లు!" అనేసింది.

తను అడిగిందేమిటి? నగలా? షికార్లా? తను పుట్టిన రోజున అమ్మ వంటింటి వెనక నాటిన బ్లాక్‌వుడ్ చెట్టు పోయిన నెల గాలివానకు కూలిపోయింది. పెరట్లో పడున్న ఆ మొద్దు లోపల ముదురు తేనె రంగు మెరుస్తుంటే అమ్మే పిలిచినట్టుంది! దాంతో ఒక్క గిన్నె... బల్ల మధ్యన పెడితే ఇంటిల్లిపాదీ చేతులు పెట్టేంత పెద్ద గిన్నె చెయ్యాలి! కానీ బట్టలుతికే గదిలో బల్ల మీదున్న, చెక్కను గిర్రున తిప్పుతూ చెక్కే చిన్న లేత్ మిషనుకు జానెడున్నర మించిన చెక్క పట్టదు. ముప్పై ఏళ్లుగా దానిమీదే, ఉడికిన గుడ్డు నిలబెట్టుకుని తినే బుల్లి గుడ్డు గిన్నెలు చేసింది, అంచులోంచి వెలుతురు కనిపించేంత పల్చగా! ఇన్నాళ్లకు, క్లైవ్ పిన్ని విన్నీ తన పెద్ద లేత్ తీసుకుపొమ్మంది. ఎనభై నాలుగేళ్ల ఆమెకు చేతులు వణుకుతున్నాయి మరి. మొద్దేమో ఆగేట్టు లేదు! పగలకుండా రోజూ పొద్దున్నే కోసిన కొసలకు మైనం పూస్తోంది గ్లెనిస్. రోజూ కొత్త పగులు కనిపిస్తూనే ఉంది. ఇంకో వారం దాటితే అమ్మ చెట్టు పొయ్యిలోకే!

నలుగురు మనుషులు మోసుకొచ్చి షెడ్డులో మిషను దింపారు. క్లైవ్ తలగడ చంకన పెట్టుకుని కారవాన్‌లోకి వెళ్లిపోయాడు.

"గుడ్డు గిన్నెల రాణికి ఇప్పుడు ఫిరంగి కావాల్సొచ్చింది!" అన్నాడు వెళ్తూ.

ఆ మాట ముల్లులా దిగింది. నా పనంటే ఇతనికింత చులకనా...? మూడు రోజులు భోజనానికి వచ్చాడు, తలొంచుకుని తిన్నాడు, వెళ్లాడు. కొత్త మిషనుకు చెయ్యి అలవాటు కావాలని శుక్రవారం ఆమె దానిమీద ఒక గుడ్డు గిన్నె చేసింది. చిన్న పని కనుక మిషను వేగంగా తిరిగే మెట్టు మీదికి బెల్టు మార్చింది. శనివారం మధ్యాహ్నం విన్నీ దగ్గర మెళకువలు అడగడానికి వెళ్లొచ్చింది.

ఆదివారం పొద్దున్నే మొద్దును బిగించింది. మూరెడు వెడల్పు, ఒక పక్క బరువు! ముఖానికి కవచం పెట్టుకుంది. అమ్మను తలుచుకుని మీట నొక్కింది.

బెల్టు మార్చలేదు! ఇంకా వేగం మెట్టు మీదే ఉంది!

చిన్న లేత్ మీద ముప్పై ఏళ్లలో ఎప్పుడూ మార్చే పని రాలేదు. చేతికా అలవాటు లేదు! మొద్దు ఒక్కసారిగా హోరెత్తింది. అంత బరువైన ఇనుప మిషనూ నేలమీద గంతులేసింది! మీట మొద్దుకు అవతల ఉంది. అందుకోవాలంటే తిరుగుతున్న మొద్దు ముందుగా చెయ్యి చాచాలి! గ్లెనిస్ కెవ్వుమని వెనక్కి జరగబోయి తూలింది. మోకాలు దేనికో తగిలింది...

మోటారు ఆగిపోయింది. మొద్దు మెల్లగా, ఇంకా మెల్లగా తిరిగి నిలిచింది.

మోకాలి ఎత్తున, మిషను పొడవునా అడ్డంగా ఒక కర్ర! తగిలితే చాలు కరెంటు ఆగేట్టు కట్టి ఉంది. నిన్నటిదాకా లేదే ఇది! వంగి చూసింది. నున్నటి కర్ర, ఒక చోట వెలిసిన ఆకుపచ్చ చార...

తెడ్డు! పెళ్లికి ముందు ప్రతి శనివారం క్లైవ్ నీళ్ల అవతలి నుంచి పడవ వేసుకుని తన కోసం వచ్చేవాడే, ఆ పడవ తెడ్డు! ఇన్నేళ్లూ గోడకు తగిలించి నూనె రాసి దాచుకున్నది... కోసేశాడు!

"గ్లెన్! గ్లెన్!" సగం గడ్డానికి సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు క్లైవ్. "దెబ్బ తగిలిందా? మాట్లాడవే!"

"తెడ్డు కోసేశావా నువ్వు?"

"ముందు వేళ్లు చూపించు!" పదీ లెక్కపెట్టాడు. "నేను కోత మిల్లులో పనిచేసేప్పుడు మొద్దు ఊడొచ్చి నా పక్కనున్నవాడి ప్రాణం తీసింది. నీకెప్పుడూ చెప్పలేదు. ఈ మిషను చూడగానే వాడే గుర్తొచ్చాడు. నువ్వు మానవని తెలుసు. విన్నీ పిన్నికి ఫోన్ చేసి అడిగితే కాలితో ఆపే కర్ర కట్టమంది. తిన్నగా ఉన్న కర్ర అదొక్కటే దొరికింది."

"నా పనంటే నీకు చులకనేమో అనుకున్నా..."

"చులకనా! ఆ గుడ్డు గిన్నెలు ఎవరికీ ఇవ్వకుండా ఎన్ని దాచానో కారవాన్‌లో చూడు, పో!"

గ్లెనిస్ ఏడుస్తూ నవ్వింది. అతని గడ్డం మీది నురగంతా ఆమె భుజానికంటింది!

ఆ రోజే బెల్టు మార్చి, పక్కకు నిలబడి, గిన్నెను మందంగా తొలిచింది. చెక్క పొట్టులో పెట్టి ఆరనిచ్చింది. వంటింటి త్రాసులో నెలనెలా తూచి, బరువు తగ్గడం ఆగాక ఏడాదికి మళ్లీ లేత్ మీదికి ఎక్కించి పల్చగా చెక్కింది. అన్నాళ్లూ క్లైవ్ చిన్న లేత్ ముందు కూర్చుని మొండి తెడ్డు ముక్కతో కుస్తీ పట్టాడు.

క్రిస్మస్ నాడు బల్ల మధ్య అమ్మ చెట్టు గిన్నె నిండా చెర్రీ పండ్లు! విన్నీ వణికే వేళ్లతో అంచు తడిమి, "నా చేతుల్లో మంచి రోజుల్లో కూడా ఇలా రాలేదే పిల్లా!" అంది. అందరూ దాన్నే చూస్తున్నారు. గ్లెనిస్ మాత్రం తన పళ్లెం పక్కన ఒరిగి నిలబడ్డ, తెడ్డు ముక్కతో చేసిన చిన్న గుడ్డు గిన్నెను చూసుకుంటోంది.

"వంకరగా ఉంది గ్లెన్, అవతల పారేద్దాం," క్లైవ్ సిగ్గుపడుతూ చెయ్యి చాచాడు.

"ముట్టుకో చూద్దాం! కారవాన్‌లో పడుకోబెడతా!"