ఆమెన్ పెట్టినవాడు

బైకు లైటు మళ్ళీ సందులోకి తిరుగుతుంది.

టీచరమ్మ పక్కనున్న పిల్లని, పిట్టని, గోడకేసి నొక్కేస్తుంది. ఇద్దరూ ఊపిరి బిగబడతారు.

పది అడుగుల దూరంలో బైకు ఆగుతుంది. హెల్మెట్ వాడు దిగడు. మెడ తిప్పి చూస్తాడు... చెత్తకుండీ. మురిక్కాలువ. ఓ కుక్క.

వెళ్ళిపోతాడు.

ఏడున్నర అయింది. ఏడింటికల్లా అయిపోవాల్సిన పని. పిట్ట ఆ ఇంటి వెనక గేటులోంచి బయటికి రావాలి, వ్యాను ఎక్కాలి, మిషన్ హాస్టల్‌కి చేరాలి. అంతే.

పన్నెండు గదుల ఇల్లు అది. గదికో ఆడమనిషి. పూటకి ఎంతమంది మగాళ్ళు వస్తారో వాళ్ళు చెప్పరు, టీచరమ్మ అడగదు. రేపు తెల్లారితే పిట్టని వేరే ఊరి వాళ్ళు బండెక్కించుకుని పోతారు. బేరం కుదిరిపోయింది. అలా పోయినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు.

కానీ వెనక గేటు దగ్గర హెల్మెట్ వాడు ముందే నిలబడి ఉన్నాడు!

పిట్ట బాత్రూం కిటికీలోంచి దూకింది. మోకాలు చీరుకుపోయింది. వ్యాను డ్రైవరు భయపడి బండి తిప్పుకుపోయాడు. క్లినిక్ వెనక దాక్కుంటే అక్కడికీ వచ్చాడు వాడు. ఇప్పుడు ఈ లాండ్రీ వెనక్కి కూడా.

వాసన పట్టి వస్తున్నాడా వీడు?

పోలీస్ స్టేషన్‌కి పోదామంది టీచరమ్మ. పిట్ట నవ్వింది. వద్దులెండి, అక్కడ సగం మందికి నా రూము నంబరు తెలుసు అంది.

టీచరమ్మ ఫోన్ తీస్తుంది. పదకొండేళ్ళుగా ఆదివారం బడి నడుపుతోంది ఆమె. పదకొండేళ్ళ అలవాటు... ఏ పని మొదలుపెట్టినా, ఏ కష్టం వచ్చినా, ముందు చర్చి సంఘం వాట్సాప్ ప్రార్థన గ్రూపులో పెట్టడం. టైపు చేస్తుంది.

‘పాత సినిమా హాలు మెట్ల కిందికి వెళ్తున్నాం. సోదరి కోసం ప్రార్థించండి.’

టక్ టక్‌మని జవాబులు. ఆమెన్. ఆమెన్. జోడించిన చేతుల బొమ్మలు.

“ఏం రాస్తున్నారమ్మా?” పిట్ట అడుగుతుంది.

“ప్రార్థన అంశం.”

“ఎవరికి?”

“సంఘం మొత్తానికి. రెండొందల ముప్పై మంది.”

పిట్ట ఫోన్ వైపు వంగుతుంది. “మనం ఎక్కడున్నామో కూడానా?”



వెనక గేటు... పెట్టింది. క్లినిక్... పెట్టింది. లాండ్రీ... పెట్టింది. తనే. తన వేళ్ళతోనే.

పిట్ట ఫోన్ లాక్కుంటుంది. ఆమెకి చదువు రాదు. అక్షరాలు వదిలేసి పక్కనున్న గుండ్రటి ఫొటోలు చూస్తుంది. ఒకటి. ఇంకొకటి. వేలు ఆగిపోతుంది.

“ఈయనెందుకున్నాడు ఇందులో?”

కోటు. తెల్ల జుట్టు. చేతిలో బైబిలు. పక్కన ఆమెన్.

“మా సంఘపెద్దగారు.”

“మా ఓనరు.”



నాలుగేళ్ళు! ప్రతి మంగళవారం ఆ గదులకి మందులు, కరపత్రాలు, సబ్బులు మోసింది తను. సబ్బులు పెద్దగారి కానుక. పెట్టెలకు పెట్టెలు. ఆయన జాలిగుండె గురించి పాస్టరుగారు చెబుతుంటే సంఘమంతా కళ్ళు తుడుచుకునేది. సరుకు శుభ్రంగా ఉండాలని కొన్నాడు వాడు. తనచేత మోయించాడు.

తన చేతులకి ఇప్పుడూ ఆ సబ్బు వాసనే. కొంగుకేసి రుద్దుకుంటుంది. పోదు.

బైకు చప్పుడు. సినిమా హాలు వైపు పోతోంది.

టీచరమ్మ ఫోన్ తీసుకుని మళ్ళీ టైపు చేస్తుంది.

‘దేవునికి స్తోత్రం. పెద్దగారు సోదరిని తన ఇంట్లోనే చేర్చుకున్నారు. ఎనిమిదింటికి అక్కడే ఆమె తన కథ సాక్ష్యంగా చెబుతుంది. కుటుంబాలతో రండి. ఆయనకి ఫోన్ చేసి వందనాలు చెప్పండి.’

రెండొందల మంది ముందు ఎవరూ ఎవర్నీ ఎత్తుకుపోలేరు. అదొక్కటే ఆమె ధైర్యం.

ఆమెన్లు వరదలా వచ్చిపడతాయి. ఒక్కాయన దగ్గర్నుంచి తప్ప.

వీధి మొదట్లో పాటల బృందం ఆడవాళ్ళు కనిపిస్తారు. పెద్దగారింటికే వెళ్తున్నారు. ఇద్దరూ వాళ్ళ మధ్యలో దూరిపోతారు. ఎవరిదో శాలువా పిట్ట నెత్తి మీదికి వస్తుంది. హెల్మెట్ వాడు ఎదురొస్తాడు... బైకు పక్కన పెట్టి, హెల్మెట్ తీసి, ఫోన్ చెవికి ఆనించుకుని, బూతులు తిట్టుకుంటూ. ఎవరి లైనో దొరకడం లేదు వాడికి.

చూడడు.

పెద్దగారి వాకిట్లో కుర్చీలు చాలక జనం నిలబడ్డారు. మెట్ల మీద ఆయన. కోటు జేబులో ఫోన్ ఆగకుండా మోగుతోంది. చేతిలో మైకు. మొహం నిండా నవ్వు. వంగి, శాలువా మీద నుంచే, మెట్ల కిందున్న పిట్ట తల మీద చెయ్యి పెడతాడు. పిట్ట భుజాలు ముడుచుకుపోతాయి.

సోదరి బాగా అలిసిపోయిందని చెబుతాడు. సాక్ష్యం ఆదివారం వినొచ్చట. ఈ రాత్రికి తన కూతురిలా ఇక్కడే పడుకుంటుందట.

ఆమెన్, అంటారు అందరూ.

ఇంకో పది నిమిషాల్లో వీళ్ళంతా ఇళ్ళకి పోతారు. గేటు మూసుకుంటుంది. పిట్టని తనే తెచ్చి వాడి చేతిలో పెట్టింది!

“ఆ పన్నెండు గదుల ఇంటి ఓనరు ఈయనే,” అంటుంది టీచరమ్మ. గొంతు పెంచుతుంది. “ఈ పిల్లని అమ్మింది ఈయనే.”



“తప్పు టీచరమ్మా,” అంటారు పాస్టరుగారు. పసిపిల్లని మందలించినట్టు.

ఎవరో ఆమె మోచెయ్యి పట్టి వెనక్కి లాగుతారు. పెద్దగారికి కోపం రాదు. శత్రువైన సైతాను ఆమె నోట మాట్లాడిస్తున్నాడట. ఆమె కోసం కూడా ప్రార్థిద్దామంటాడు. అందరినీ కళ్ళు మూసుకోమంటాడు.

రెండొందల మందీ మూసుకుంటారు.

టీచరమ్మ మూసుకోదు. జన్మలో మొదటిసారి.

అందుకే ఆమెకి కనబడుతుంది... గేటు తోసుకుని హెల్మెట్ వాడు వస్తున్నాడు. ఇలాంటి ప్రార్థన కూటాలు కొత్తేం కాదన్నట్టు, మూసిన కళ్ళ మధ్యలోంచి, మునివేళ్ళ మీద. ఒక చెయ్యి జేబులో ఉంది.

పిట్టని దాటేస్తాడు. మెట్లెక్కుతాడు. ప్రార్థిస్తున్న పెద్దాయన చెవి దగ్గరికి వంగుతాడు.

“సార్... అరగంట నుంచి మీ ఫోన్ ఎంగేజ్. హాలంతా వెతికాను, ఆ పిట్ట లేదు. పొద్దున బండికి ఇంకోదాన్ని సర్దమంటారా?”

మైకు ఆ మాటని వాకిలి చివరిదాకా మోసుకుపోతుంది.

ఒక్కో కన్నూ తెరుచుకుంటుంది.

పిట్ట శాలువా తీసేస్తుంది.

“ఇక్కడే ఉన్నానన్నా.”