మూల విప్పిన బొంత

పొద్దున్నే కుట్టుమిషనుకు నూనె వేయడం అత్తకు నలభై ఏళ్ల అలవాటు. ముక్కు పొడవున్న చిన్న డబ్బాతో సూది దగ్గర ఒక చుక్క, చక్రం దగ్గర రెండు చుక్కలు. ఆ తర్వాత ఒక పాత గుడ్డపీలిక పెట్టి, నూనె మరక ఆగేదాకా తొక్కుతుంది. ఇంటికి వీధివైపు గదే దుకాణం. ప్యాంట్ల కాళ్లు మడవడం, జిప్పులు మార్చడం, చిరిగినచోట మాసికలు వేయడం. ఆ వీధిలో ఆవిడ మాసిక పడని ఇల్లు లేదు. ఆ మాసిక బాగుందని చెప్పిన మనిషీ లేడు. మాసిక కంటికి కనబడకపోతేనే పని బాగా కుదిరినట్టు. కనబడనిదాన్ని ఎవరు మెచ్చుకుంటారు?

ఆ పొద్దున నూనె డబ్బా పట్టుకున్న చెయ్యి మధ్యలో ఆగింది. పెరట్లో కోడలి అడుగులు వినబడుతున్నాయి. బట్టల తీగ దాకా వెళ్లాయి. ఆగాయి. గోడ పక్కకు వెళ్లాయి, గాలికి ఎగిరి పడిందేమోనని కాబోలు. మళ్లీ తీగ దగ్గరికే వచ్చాయి.

కోడలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి మడతపెట్టేచోట పని చేస్తుంది. నిన్న రెండు డ్యూటీలు చేసి వచ్చి, ఏమీ తినకుండా పడుకుంది. కొడుకు లారీ మీద వెళ్లి నాలుగు రోజులైంది. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే, మాటలు కూడా ఇద్దరికి సరిపడా మాత్రమే ఉంటాయి.

"అత్తయ్యా, తీగ మీద బొంత తీశారా?"

"తీశాను."

"ఎక్కడ పెట్టారు?"

అత్త చక్రాన్ని ఒక చుట్టు తిప్పింది. చెప్పవలసిన మాట నిన్నటినుంచి నోట్లో సిద్ధంగానే ఉంది. ఊళ్లు తిరిగే ఒకావిడ వచ్చిందని, చేతిపనులంటే ఆవిడకు ప్రాణమని, బొంత చూసి తెగ ముచ్చటపడిందని, అందుకని ఇచ్చేశానని చెప్పింది. ఏడాదికి రెండు బొంతలు కుట్టే నీ చేతికి ఇంకొకటి కుట్టడం ఒక లెక్కా అని కూడా అంది. బల్ల మీద చెక్కపెట్టె ఒకటుంది. జరిపే మూతతో, సూదులూ దారాలూ పెట్టుకోవడానికి ఎవరో చేత్తో చెక్కింది. డబ్బు వద్దన్నాననీ, చేతిపనికి చేతిపని అని ఆవిడ దాన్ని ఇచ్చిందనీ అత్త కొంచెం గొప్పగానే చెప్పింది.

కోడలు పెట్టె వైపు చూడలేదు. గడప మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని అత్త చూసింది. ఏడవలేదు. ఎవరికో చిరునామా చెప్పినట్టు చెప్పింది.

"అందులో పాప బట్టలున్నాయి."

బొంత అంటే పైనొక గుడ్డ, కిందొక గుడ్డ, నడుమ మెత్తగా ఉండడానికి పాతబట్టలు పరిచి, అంతటా దగ్గర దగ్గరగా టాకాలు వేస్తారు. నడుమ ఏం పరిచారో కుట్టినవాళ్లకు తప్ప తెలియదు. మూడేళ్ల కిందట ఈ ఇంట్లో ఒక పాప పుట్టి, పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే బతికి, అక్కడే పోయింది. తల్లిని తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. అత్త ఆ పాపను రెండుసార్లు అద్దంలోంచి చూసింది, అంతే.

అత్త నూనె డబ్బా పక్కన పెట్టింది. ఆ బొంతను ఎవరూ కప్పుకోగా ఆవిడ చూడలేదు. మూడు నెలలకోసారి కోడలు దాన్ని ఎండకు వేయడం, దులపడం, మడిచి మంచం కింది పెట్టెలో పెట్టడం. ఎందుకా పిచ్చి అనుకుంది తప్ప అడగలేదు. ఆ ఇంట్లో అడగడం అనేది మూడేళ్ల కిందటే ఆగిపోయింది.

కోడలు లేచి, చేతిసంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుంది. బొంత దొరికితే తిరిగి వస్తానంది. "దొరక్కపోతే ఇక్కడ నాకు పడుకునే చోటు లేదు అత్తయ్యా. మీ అబ్బాయికి మీరే చెప్పుకోండి." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అత్తకు జవాబు దొరికేది.

అత్త దుకాణం తలుపు వేసి తాళం పెట్టింది. పని రోజున ఆ తాళం పడడం పాప పోయిన రోజు తర్వాత ఇదే. మీరెందుకంది కోడలు. ఆవిడ మొహం నీకు తెలియదు కదా అంది అత్త. పక్క ఊరి రైలు వంతెన దగ్గరికి పోతానందని కూడా చెప్పింది. చెక్కపెట్టెను గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది.

బస్సులో కోడలు ముందు సీట్లో కూర్చుంది, అత్త నాలుగు వరసల వెనక. కోడలి మెడ, ముడి, ఆ ముడిలోంచి జారిన నాలుగు వెంట్రుకలు కనబడుతున్నాయి. వాటినే చూస్తూ అత్త నిన్నటి మధ్యాహ్నాన్ని కుట్టు కుట్టుగా విప్పుకుంది.

బూడిదరంగు టోపీ, భుజాన మూడు సంచులు. దుకాణం ముందు తెగిన సంచి పట్టీ కుట్టించుకోవడానికి ఆగిందావిడ. పట్టీ కుట్టేలోపు బల్లంతా తన నిధులు పరిచేసింది. చెక్క దువ్వెన, గడ్డితో అల్లిన పిట్ట, ఒక పక్క వంగిన మట్టిగిన్నె. చిన్నపిల్ల బొమ్మలు చూపించుకున్నట్టు చూపించింది. ఊళ్లో కోటలూ కొండలూ తను చూడదట, సందుల్లోకి వెళ్లి ఎవరు ఏం చేస్తున్నారో చూస్తుందట. గిన్నె అంచున పడిన గుంటలో తన బొటనవేలు ఆనించి, "ఇదిగో, చేసినతని వేలు ఇక్కడుంది. మిషను మీద చేసినవాటిలో మనిషి కనబడడమ్మా" అంది. మిషను ముందు కూర్చున్న అత్త నవ్వి ఊరుకుంది. ఆ మాట మాత్రం సూదిలాగే దిగింది.

తర్వాత తలుపులోంచి పెరట్లో బొంత కనబడింది. ఆవిడ లోపలికొచ్చి, రెండు చేతులూ దానిమీద పెట్టి చూస్తూ నిలబడింది. ఒక్కో టాకా బియ్యపుగింజంత, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ఎవరివమ్మా ఈ చేతులు అని అడిగింది. నలభై ఏళ్లలో ఎవరూ అడగని మాట.

నావే అంది అత్త.

ఒక్క మాట. ఆ మాట అన్నాక ఇవ్వను అనడానికి నోరు రాలేదు. ఈ సంగతి కోడలికి చెప్పలేదు. పొద్దుననుంచి మింగుతూనే ఉంది, అది దిగడం లేదు.

పక్క ఊళ్లో, రైలు వంతెన కింద చేతిపనులవాళ్లు వరసగా కూర్చుంటారు. బుట్టలు, చీపుళ్లు, తోలుసంచులు. ఇంకో రోజైతే కళ్లకు పండుగే. ఒకచోట పాత బొంతలను కుప్ప పోసుకుని, కత్తెరతో చదరాలుగా కోసి కుర్చీలకు మెత్తలు కుడుతున్నాడొకతను. కోడలు ఒక్క పరుగున వెళ్లి ఆ కుప్పలోకి మోచేతుల దాకా చేతులు దోపింది. తీసి చూడడం, పక్కన పడేయడం. అతను తిడుతున్నా వినబడడం లేదు. అత్త కూడా మోకాళ్ల నొప్పి మరిచి కింద కూలబడి, కోసిన ముక్కలు వెతికింది. ఒక ముక్కలోంచి పసుపుపచ్చ దారం వేలాడింది. పాప బట్టేమోనని అత్త దాన్ని లాగి చూసింది. కాదు, దుమ్ముగుడ్డ.

పసుపుపచ్చ కంట పడగానే ఆవిడకు పాత మంట ఒకటి లేచింది. పాప పుట్టకముందు, మిషను తప్ప ఎరగని అత్త చేతులు రెండు నెలలు కుస్తీపట్టి పసుపుపచ్చ ఊలు స్వెట్టరు అల్లాయి. స్వెట్టరు చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బొత్తాలు నాలుగు కావాలి, పసుపువి మూడే దొరికాయి, నాలుగోది నీలం బొత్తాం వేసింది. పాప పోయాక అది ఇంట్లో ఎక్కడా కనబడలేదు. చూడ్డానికి బాగోలేదని కోడలు పారేసి ఉంటుందనుకుంది. అడగలేదు. అడగని ఆ మాటే మూడేళ్లుగా రకరకాల మాటలుగా బయటికొస్తూ ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైందని, తలుపు గట్టిగా వేశావని, ఇంకా లేవలేదేమని.

దువ్వెనలు చెక్కే ముసలాయనకు టోపీ ఆవిడ తెలుసు. చెక్క ఎన్నాళ్లు ఆరబెడతావు, ఏ పూట కోస్తావు అని తన ప్రాణం తోడేసిందని నవ్వాడు. లాంచీల రేవుకు పోతానందట. అవతలి ఒడ్డున మట్టిపని చేసేవాళ్లున్నారట. లాంచీ పన్నెండింటికి. ముసలాయన ఎండ వైపు చూసి, ఇప్పుడు పోయి ఏం లాభం అన్నట్టు దువ్వెన మీదికి వంగాడు.

రేవుకు పైనుంచి మెట్లు. అత్త పది మెట్లు దిగేసరికి మోకాలు మొరాయించింది. "నువ్వు పరిగెత్తు. బూడిదరంగు టోపీ, మూడు సంచులు" అని అరిచింది. కోడలు చెప్పులు వదిలేసి పరిగెత్తింది. అప్పటికే లాంచీ ఒడ్డు విడిచింది. చుట్టూ నీళ్లు తెల్లగా లేస్తున్నాయి.

కోడలు ఒడ్డున ఆగలేదు. నీళ్లలోకి నడిచింది. మోకాలి లోతు. నడుము లోతు. చెయ్యెత్తి పిలుస్తూనే ఉంది. ఇంజను చప్పుడులో ఆ పిలుపు ఎవరికీ చేరలేదు. కాసేపటికి పిలవడం మానేసింది. నడవడం మానలేదు.

ఆ నిమిషంలో అత్తకు బొంత గుర్తులేదు. మెట్ల మీద కూర్చుని, పిల్లలు దిగినట్టు ఒక్కో మెట్టు జారుతూ దిగింది. మోచెయ్యి గీసుకుపోయింది. "అమ్మాయ్, ఆగు. నాకింకెవరున్నారే" అంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు. చీర తడుస్తుంటే నీళ్లలోకి దిగి, కోడలి సంచి పట్టీ అందుకుని రెండు చేతులా లాగి పట్టుకుంది. కోడలు వెనక్కి తిరిగి ఆవిడను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"దర్జీ అమ్మా, మీరా?"

ఒడ్డున రేకుల షెడ్డులోంచి బూడిదరంగు టోపీ బయటికొచ్చింది. ఆవిడ లాంచీ ఎక్కలేదు. ఒళ్లో బొంత పట్టుకుని బల్ల మీదే కూర్చుండిపోయిందట. మూల దగ్గర కుట్టు ఎలా తిప్పారో నేర్చుకుందామని రెండు వేళ్లు పట్టేంత విప్పిందట. విప్పాక లోపల ఏదో చిన్న చొక్కా చెయ్యి కనబడి, ఇంక చేతులాడలేదట. మీ దగ్గరికే తిరిగి వద్దామా అనుకుంటున్నానని అత్తతో చెప్పింది.

"మీదే కదమ్మా ఈ పని. ఈ మూల మళ్లీ మూయాలంటే సూది ఎటు తిప్పాలి? మీరు చూపిస్తే మూసేద్దాం."

ఒడ్డెక్కిన అత్త, ఆవిడ అందించిన సూది అందుకుంది. బొంత మూల వైపు చూసింది. చేతిలో సూది ఊరికే ఉంది. కోడలు పక్కనే నిలబడి, నీళ్లు కారుతూ, ఒకసారి టోపీ ఆవిడ మొహం, ఒకసారి అత్త మొహం చూస్తోంది. తప్పించుకోవాలంటే ఒక దారి ఉంది. కళ్లు కనబడడం లేదనవచ్చు. వయసు అందుకు ఒప్పుకుంటుంది కూడా.

"నాకు తెలియదమ్మా" అంది అత్త. "ఇది నేను కుట్టలేదు. నిన్న మీతో అబద్ధం చెప్పాను. మీరట్లా చేతులు పెట్టి చూస్తుంటే నాదైతే బాగుండుననిపించింది. కుట్టింది మా కోడలు. లోపలున్నది దాని బిడ్డ." కాస్త ఆగి, కోడలి వైపు చూడకుండానే సరిచేసుకుంది. "మా బిడ్డ."

టోపీ ఆవిడ బొంతను కోడలి చేతుల్లో పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది.

కోడలు తడిచేతులు తుడుచుకుని, విప్పిన మూలలోకి రెండు వేళ్లు పోనిచ్చింది. అన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకుంటోంది. ఆ వేళ్ల సందున పసుపుపచ్చ ఊలు కనబడింది. దాని మీద నీలం బొత్తాం.

అత్త వంగి ఆ బొత్తాన్ని తాకింది.

"పారేశావనుకున్నానే."

"ఎట్లా పారేస్తాను అత్తయ్యా. ఆఖరి రోజు దాని ఒంటిమీద ఉన్నది ఇదే. దానికి చలేస్తోందని నర్సు ఏదైనా తెమ్మంది. ఒక చెయ్యి పొడుగైందని మడిచి తొడిగాను." కోడలు ఆ ఊలును వేళ్లతో నిమిరింది. "తల పెట్టుకునే వైపు దీన్నే పెట్టాను. మీకు చెబుదామంటే, మీరు నాతో సరిగ్గా మాట్లాడితే కదా."

ఇద్దరూ ఆ బల్ల మీద కూలబడ్డారు. ఎవరు ముందు ఏడ్చారో చెప్పడం కష్టం. టోపీ ఆవిడ నది వైపు తిరిగి నిలబడి, తర్వాతి లాంచీ ఎప్పుడని ఎవరినో అడిగింది, వినాలని లేకపోయినా. అత్త చంకలోని చెక్కపెట్టె తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. కుట్టిన చేతికి ఇవ్వమంది. అత్త దాన్ని కోడలి ఒళ్లో పెట్టింది.

కోడలు పెట్టె తెరిచి, అందులో ఉన్న తెల్లదారం తీసి, సూదికి ఎక్కించింది. మూల దగ్గర ఒక కుట్టు వేసింది. రెండోది వేయబోయి ఆగి, సూదిని అత్త చేతిలో పెట్టింది.

"లోపలినుంచి పైకి తీయండి. ఇటు కాదు, మీ వైపుకి. దారం గట్టిగా లాగకండి."

నలభై ఏళ్లు మిషను తొక్కిన ఆవిడ సూదిని మెల్లగా లోపలినుంచి పైకి తీసింది. మొదటి కుట్టు వంకరపోయింది. రెండోది పొడుగైంది. మూడోది ఏదో కుదిరిందనిపించింది. నాలుగోదానికి మూల మూసుకుంది. అత్త దారం కొరికి, తన పని తనే చూసి, "బాగోలేదే. ఇంటికెళ్లాక విప్పి నువ్వే వేసుకో" అంది.

కోడలు ఆ నాలుగు కుట్ల మీదా వేలు పోనిచ్చింది. ఒకదాని పక్కన ఒకటి, ఎగుడుదిగుడుగా.

"ఉండనీయండి" అంది.